విమానం దిగిన రోజు కొలత పట్టొద్దు

రెండువేల పదుల మొదట్లో నన్ను ఆదిభట్లలోని ఒక విమాన భాగాల కర్మాగారంలో నాణ్యత విభాగాధిపతిగా వేశారు. మీర్‌పేట్‌లో కాపురం, కంపెనీ బస్సులో రాకపోకలు. చుట్టూ నగరం పెరిగిపోతోంది గానీ మా కర్మాగారానికి ఇంకా మొదటి ఆర్డరే ఖాయం కాలేదు.

మా వృత్తిలో ఏ భాగాన్నయినా మొదటిసారి తయారుచేస్తే, కొనేవారి ఇన్‌స్పెక్టరు వచ్చి స్వయంగా కొలిచి ముద్ర వేయాలి. దీన్ని తొలి నమూనా తనిఖీ అంటాం. ఆ ముద్ర పడకపోతే ఆర్డరు మరో దేశానికి పోతుంది.

ఆ పనిమీద కెనడా నుంచి మార్గరెట్ గారు వచ్చారు. రెండు విమానాలు మారి, శంషాబాద్‌లో దిగి, హోటలుకైనా వెళ్లకుండా నేరుగా మా కొలతల గదికి వచ్చేశారు. విశ్రాంతి తీసుకోమంటే, విమానంలో బాగానే పడుకున్నానని నవ్వేశారు. మా డైరెక్టరుగారు సంబరపడ్డారు.

కాసేపటికే ఆవిడ కొన్ని రంధ్రాలు సరేనని, ఒకటి మాత్రం పెద్దదైందంటూ భాగాన్ని తిరస్కరించారు. కొలతల గదిలో టెక్నీషియన్ స్వరూప నన్ను పక్కకు పిలిచింది. ఇబ్రహీంపట్నం అమ్మాయి, మాట దాచుకునే రకం కాదు.

"సార్, మేడం కండ్లు తెరుసుకొనే నిద్రపోతున్నది. గదే రంధ్రం రెండుసార్లు కొలిస్తె రెండు తీర్ల వచ్చింది. జర ఆపుండ్రి."

ఆపితే, తప్పు దొరికిందని అడ్డుపడుతున్నామనుకోరూ? అదీ నా భయం. అయితే మాకో నియమం ఉంది. వేడికి లోహం సాగుతుంది కనుక, బయటినుంచి తెచ్చిన భాగాన్ని చల్లటి కొలతల గదిలో కొన్ని గంటలు ఉంచాకే కొలవాలి. ఆ మాటెత్తి, భాగంతోపాటు మనిషికీ రేపటిదాకా గడువిద్దామన్నాను. మీ తిరస్కరణను మార్చమనడం లేదని కూడా చెప్పాను. ఆవిడ నన్ను తేరిపార చూసి, కలం మూసేశారు.

"హోటల్ల ఇప్పుడు పండుకుంటె రాత్రంత మేల్కొనే ఉంటది సార్. మా ఇంటికి తీస్కపోత," అంది స్వరూప. జెట్ లాగ్‌కు పగటి వెలుగే మందు కనుక నేనూ సరేనన్నాను.

ఇబ్రహీంపట్నం చెరువు కట్టమీద ఆవిడను ఎండలో నడిపించారట. ఇంటికెళ్లాక కునుకు పట్టినప్పుడల్లా స్వరూప తల్లి భుజం తట్టి, "నా తల్లి, పొద్దు గూకనియ్యి, అప్పుడు పండుదువు" అని తెలుగులోనే బతిమాలిందట. భాష రాకపోయినా ఆవిడ లేచి కూర్చునేవారట. చీకటి పడే వేళకు జొన్నరొట్టె పెట్టి హోటలుకు పంపారు.

మర్నాడు ఆవిడ తేటగా వచ్చారు. తిరస్కరించిన రంధ్రం సరిగ్గానే ఉంది. డైరెక్టరుగారు ఊపిరి పీల్చుకునేలోపే, ముందురోజు తాను సరేనన్న మరో రంధ్రం దగ్గర ఆవిడ ఆగిపోయారు. ఎన్నిసార్లు కొలిచినా అది పెద్దదే. స్వరూప కొలిచినా అదే లెక్క.

భాగం పనికిరాకుండా పోయింది. "ఆపి ఏం సాధించారు?" అన్నారు డైరెక్టరుగారు. మా దగ్గర ఒక్కో రంధ్రానికి ఒక్కో డ్రిల్లు బిట్టు; ఆ రంధ్రం వేసినదాన్ని తీసి చూపించాను. అంచు దెబ్బతింది. కొత్తది బిగించి మరో నమూనా చేశాం. మార్గరెట్ గారు తిరుగు ప్రయాణానికి ముందే దానిమీద ముద్ర వేశారు. మొదటిరోజు మాటే పట్టుకునుంటే బాగున్న బిట్టును మార్చి, చెడిన దానితోనే పని సాగించేవాళ్లం.

ఆ తర్వాత విమానం దిగిన రోజు మా వాళ్లెవరూ, వచ్చినవాళ్లెవరూ కొలత పట్టకూడదని నియమం రాశాను. అలసిన కన్ను మంచిదాన్ని కాదంటే మళ్లీ కొలుచుకోవచ్చు. చెడ్డదాన్ని సరేనంటే, దాన్ని మళ్లీ ఎవరూ కొలవరు.