ఉత్తచేతులతో వచ్చినవాళ్లకి పేడనీళ్లు

పాడేరులో ఒక ఆశ్రమ పాఠశాల వరండాలో కూర్చున్న బేబి తలుపు వంకే చూస్తోంది. లోపల ఇంగ్లిషు టీచరు పోస్టుకి డెమో క్లాసులు నడుస్తున్నాయి, తర్వాతి పిలుపు తనదే. ఇంతకుముందు వెళ్లిన చోటల్లా ఒకటే వరస. ఇంట్లో గడగడా చెప్పే మనిషి, కుర్చీల్లో పెద్దవాళ్లు కనిపించగానే గొంతెండి నీళ్లు నమిలేది. ఈసారీ పోతే ఇక ఈ ఊసెత్తనని మొగుడు గాసితో అనేసింది. అన్న మాట మీద నిలబడే రకం ఆమె. అందుకే ఇంకా భయం.

డుంబ్రిగుడ పైనున్న ఆ కొండపల్లెలో బీయీడీ చదివిన మొదటి కోడలు బేబి. ఉద్యోగం ఇంకా రాకపోయినా అత్త దేముడమ్మ కాఫీ తోటలో పళ్లు కోస్తూ అందరితోనూ "మా టీచరమ్మ" అంటుంది. అది చెవిన పడ్డప్పుడల్లా బేబికి గుండెల్లో రాయి పడేది.

పైగా ఇది ఇటుకల పండగ, అదే వేట పండగ వారం. మగవాళ్లు పొద్దున్నే విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఇప్పుడు అడవిలో మాత్రం ఏముంది గనక? అయినా పోవడం మానరు. సాయంత్రం ఉత్తచేతులతో తిరిగొచ్చారా, ఆడవాళ్లు ఊరి మొగలోనే కాపు కాసి పేడనీళ్లు పోస్తారు, నానా మాటలూ అంటారు. మర్నాడు మళ్లీ వెళ్లాల్సిందే. ఆ పోతలో దేముడమ్మదే ముందు చెయ్యి.

బేబిని లోపలికి పిలిచారు. హెడ్‌మిస్ట్రెస్ సుమ మైదానం నుంచి వచ్చినావిడ, నెమ్మదైన మనిషి. ఒక చీటీ చేతికిచ్చింది. అందులో ఒకే ఒక్క ఇంగ్లిషు క్రియ, పర్సివీర్. దాని అర్థమూ వాడుకా ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పాలి.

పట్టు విడవకుండా సాగించడం అని బేబి బోర్డు మీద రాసింది. ఆ క్రియ పక్కన విత్ పెట్టి, ఏ పనిని వదల్లేదో అది చెప్పాలంది. కష్టం లేని చోట ఈ మాట వాడరనీ, బస్సు కోసం కూర్చోవడం ఎదురుచూడటమే గానీ పర్సివీర్ కాదనీ చెప్పింది. పిల్లలు పండక్కి ఇళ్లకి పంపలేదని అలిగి తలలు దించుకుని కూర్చున్నారు. సుమ వాచీ చూసుకుంది. ఇక ఏదైతే అదవుతుందని బేబి నోటికొచ్చింది అనేసింది. పేడనీళ్లు పోయించుకుని కూడా మర్నాడు మళ్లీ అడవికి పోతారే, వాళ్లు చేసేదే పర్సివీర్.

క్లాసంతా గొల్లుమంది. అంతలో భాను అనే పిల్ల లేచి నిలబడింది.

"ఆల్లు ఎల్లేది పేడనీల్లకి బయపడి కదా టీచరు. బయానికి ఎల్లినోడిది పట్టుదలెలాగవుద్ది?"

బేబి తన సంగతే తలచుకుంది. తను వచ్చింది మాత్రం దేనికి? ఊళ్లో తల ఎత్తుకోలేనన్న భయానికి కాదూ? ఆలోపే గంట కొట్టేశారు.

పోస్టు ఇంకొకరికిచ్చారు. అరకు పక్క బడిలో రేపు ఇలాంటిదే ఉంది, వెళ్లి చూడమ్మా అంది సుమ. బేబి తలూపింది గానీ, వెళ్లే ఉద్దేశం లేదు. చాలు, ఇక చాలు అనుకుంటూ జీపెక్కింది.

జీపు దిగేసరికి ఊరి మొగలో ఆడవాళ్లు బకెట్లతో నిలబడి ఉన్నారు. మగవాళ్లింకా రాలేదు. పక్క దారిన తప్పించుకుపోదామని చూసింది బేబి. దేముడమ్మ కంటబడనే పడింది. ఆమె బకెట్ పట్టుకునే కోడలికి ఎదురొచ్చింది.

"రాలేదత్తా," అంది బేబి. ఆ ఒక్క మాటకే కళ్లనీళ్లు తిరిగాయి.

దేముడమ్మ బకెట్ ఎత్తి కోడలి నెత్తిన గుమ్మరించింది. పక్కనున్న యర్రమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆడమనిషి మీద పొయ్యడం ఏ కాలంలోనైనా ఉందా అని నిలదీసింది.

"ఉత్తసేతుల్తో వచ్చింది కదా, పోసినాను," అంది దేముడమ్మ. "ఇంట్లో కూకున్నోడి మీద ఎవులైనా పోత్తారేటి? మల్లీ ఎల్లేవోడి మీదే పోత్తాం."

ముఖం మీంచి కారుతున్న పేడనీళ్లలో కన్నీళ్లు కలిసిపోయి ఎవరికీ కనబడలేదు. బేబికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రేపటి సంగతి ఆమె ఇంకా ఎవరికీ చెప్పనేలేదు.

దేముడమ్మ ఖాళీ బకెట్ కింద పెట్టి, కోడలి జుట్టులోంచి గడ్డిపరక తీసింది.

"బేగి నీల్లోసుకో. రేపు జీపు ఎన్నింటికి?"

"ఆరింటికి," అంది బేబి.