అరసవల్లికి ఎప్పుడు వెళ్లాలి, వెళ్లాక ఎక్కడ నిలబడకూడదు

శ్రీకాకుళం రావాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే: అరసవల్లి సూర్యుడి గుడికి ఎప్పుడు వెళితే మంచిది? ఊరికే దర్శనం చాలనుకుంటే ఆదివారాలూ రథసప్తమీ వదిలేసి, మామూలు రోజున పొద్దున్న తొమ్మిది దాటాక వెళ్లండి. పెద్దగా తోపులాట ఉండదు. ఉదయపు కిరణాలు స్వామి పాదాల మీద పడటం చూడాలంటే మాత్రం ఏడాదికి రెండే అవకాశాలు. మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబరు మొదటి రోజుల్లో ఒకసారి. అదీ మబ్బు లేకపోతేనే. నేను మొన్న అక్టోబరులో వెళ్లాను. ఇది అప్పుడే రాయాల్సింది. సిగ్గేసి ఇన్నాళ్లూ రాయలేదు.

నేను భక్తుణ్ణి కాను. రాజాంలో గోనె సంచుల మిల్లులో కాంట్రాక్టు పని. పదో తరగతితో బడి మానేశాను, తర్వాత చదివిందంతా పాత పుస్తకాలు కొనుక్కుని చదివిందే. ఈ ప్రయాణం మా నరసమ్మత్త కోసం. మా నాన్న అక్క. పాతపట్నం దగ్గర పల్లెలో ఉంటుంది, నిరుటి దాకా ఊడ్పులకి వెళ్లేది. కళ్లకి నీటికాసులు పట్టాయి. కుడికన్ను పోయింది. ఎడమకన్ను గొట్టంలోంచి చూసినట్టు, ఎదురుగా ఉన్నది మాత్రమే కనపడుతుంది, పక్కలన్నీ చీకటే. అదైనా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు. అత్త ఏడవలేదు. "సూపున్నప్పుడే అరసవిల్లిలో ఆ ఎలుగు ఓపాలి సూసీయాలిరా అప్పన్నా," అంది. అంతకుముందు రెండుసార్లు ఊరివాళ్లతో వెళ్లింది. రెండుసార్లూ మబ్బే.

సెలవు అడిగితే సూపర్‌వైజరు నవ్వాడు. "సూరీడు మిల్లు మీద పడడేటి, అక్కడికెల్లే సూడాలేటి?" అన్నాడు. రెండు రోజుల కూలి పోతే పోయిందని వచ్చేశాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి, తర్వాత జరిగినదానికి అది అవసరం. అంతకు పదిహేను రోజుల ముందు మిల్లుకి యజమాని వచ్చాడు. ఆయన నడిచే దారి ఖాళీగా ఉండాలని మమ్మల్నందరినీ గోడకి ఆనించి గంటన్నర నిలబెట్టారు. ఆయన ఫోనులో మాట్లాడుకుంటూ వచ్చాడు, మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. ఆ గంటన్నర నా కడుపులో అలాగే ఉంది.

రాజాం నుంచి శ్రీకాకుళానికి బస్సులో గంటన్నర పైనే పడుతుంది, వంద రూపాయలు చేతిలో ఉంటే చాలు. అత్త పాతపట్నం బస్సు సాయంత్రం ఐదింటికి శ్రీకాకుళం బస్టాండు కాంప్లెక్సుకి వచ్చింది. మెట్టు కనపడక కాలితో తడుముకుంటూ దిగింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. అక్కడి నుంచి గుడికి షేర్ ఆటో, మనిషికి ఇరవై.

"కిరణాలకేనా అమ్మా?" అన్నాడు డ్రైవరు అద్దంలో చూసి.

"అవును నాయినా. రేపైనా అగుపిస్తాదేటి?"

"మబ్బు నా సేతిలో నేదమ్మా. అగుపిస్తే సామికి దండం ఎట్టు, అగుపించకపోతే నన్ను తిట్టీకు. పోయినేడు ఒకావిడ నా ఆటో డబ్బులు ఎనక్కి అడిగినాది."

అత్త ఆటో అదిరేలా నవ్వింది. "నానూ అడుగుతాన్లే, నీ నంబరు ఇచ్చెల్లు," అంది.

గుడి దగ్గరే ఒక సత్రం వరండాలో చాపలు పరుచుకున్నాం. మంచినీళ్లు, దుప్పటి వెంట తెచ్చుకోండి. తెల్లవారుజామున నాలుగింటికల్లా వరసలో నిలబడ్డాం, అప్పటికే ముందు మూడు నాలుగు వందల మంది ఉన్నారు. ఫోను, చెప్పులు బయటే ఇచ్చెయ్యాలి. గంటన్నర తర్వాత లోపలికి వదిలారు. మండపంలో అడుగు పెట్టేసరికి అత్త కన్ను చూసి ఒక పెద్దాయన, అక్కడ సేవ చేసే మనిషి, "ఈవిడ్ని ముందు కూకోనియ్యండి," అని గర్భగుడి గడపకి దగ్గరలో ఎడమవైపు స్తంభం పక్కన కూర్చోబెట్టాడు. అక్కడి నుంచి తిన్నగా చూస్తే స్వామి పాదాలు. గొట్టంలాంటి చూపుకి అంతకంటే మంచి చోటు ఉండదు. నేను వెనక జనంలో చిక్కుకున్నాను, సరిగ్గా మధ్యలో. నాకు అదే గెలుపులా అనిపించింది. మధ్య చోటు సంపాదించాను కదా!

ఆరు దాటుతుండగా ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఆయనతో ఇంకో ఇద్దరు. "మజ్జిలోంచి తప్పుకోండి బాబూ. ఇటు సగం, అటు సగం జరగండి. నేకపోతే కిందకి కూకోండి. దారి ఒగ్గీయండి," అంటూ చేతులతో జనాన్ని రెండుగా చీలుస్తున్నారు. చాలామంది జరిగారు. నా చుట్టూ ఉన్నవాళ్లు గోడవైపు నొక్కుకుపోతుంటే నాకు మిల్లు గోడ గుర్తొచ్చింది. ఎవడో కారు దిగి ఉంటాడు, తెల్లచొక్కా వేసుకుని, వెనక పదిమందితో. చీకట్లోనే వచ్చి నిలబడిన జనం గోడకి అంటుకోవాలి, వాడు తాపీగా నడిచి రావాలి.

"జరగం," అన్నాను.

"బాబూ, తొరగా. టయిము నేదు."

"నాలుగింటికొచ్చి నిలబడ్డాం. మా కాళ్లు కాళ్లు కావేటి? ఎవుడొస్తన్నాడని జరగాల? దమ్ముంటే ఆణ్నొచ్చి వరసలో నిలబడమను!"

గొంతు మండపమంతా వినపడింది. పక్కన ముగ్గురు కుర్రాళ్లు "నిజమే, జరగం" అని నాతోపాటు పాతుకున్నారు. నా ఒంట్లో వేడి పుట్టింది. నిజం చెప్పాలంటే సంతోషంగా ఉంది. మిల్లులో అనలేని మాట ఇక్కడ అంటున్నాను, నా వెనక మనుషులున్నారు.

పెద్దాయన చేతులు జోడించాడు. "నాయినా, ఎవులూ మనుసులు కాదు. ఆయనొచ్చీ దారి ఇది."

"ఎవుడాయన? పేరు సెప్పు!"

ఆయన పేరు చెప్పలేదు. నా భుజం మీదుగా వెనక్కి వేలు చూపించాడు.

తిరిగాను. తూర్పు వాకిట్లోంచి సూర్యుడు నా మొహం మీద కొట్టాడు, కళ్లు మూసుకుపోయాయి. మళ్లీ ఇటు తిరిగేసరికి గడప మీద, లోపల నల్లరాతి పాదాల మీద ఒక బుర్ర నీడ, రెండు భుజాల నీడ. నేను కదిలితే అదీ కదిలింది. చుట్టూ "తప్పుకో, తప్పుకో" అని అరుపులు. నన్నూ ఆ ముగ్గుర్నీ ఎవరో గట్టిగా పక్కకి లాగారు. లాగేసరికి వెలుగు తగ్గింది. మబ్బు తెర అడ్డొచ్చింది. పావుగంట అందరూ అలాగే చూశారు. మళ్లీ రాలేదు. ఆ పొద్దున కిరణం వచ్చిందే రెండు మూడు నిమిషాలు, అదంతా నా వీపు మీద పడింది.

ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండేది. పెద్దాయన నన్ను చూసి, "తెలీక సేసినావు, పోనీలే," అని వెళ్లిపోయాడు.

బయట అత్తని వెతికి పట్టుకున్నాను. గుడి దాటాక ఎడమవైపు వరసగా టిఫిన్ బళ్లు ఉంటాయి, నలభై రూపాయలకి కడుపు నిండుతుంది. ఇడ్లీ వడ్డిస్తున్నావిడ అడిగింది, "ఏటమ్మా, పాదాలు అగుపించినాయా?"

"అగుపించినాదమ్మా, ఎవుడిదో బుర్ర నీడ," అంది అత్త. "ఎవుడో మహానుబావుడు, సూరీడికే అడ్డం నిలబడినాడు."

"ఎవుడా కొయ్యముండాకొడుకు?" అందావిడ చట్నీ వేస్తూ.

అత్త ఒంటికన్నుతో నా వైపు తిరిగింది. "నీకేటైనా అగుపించినాదేట్రా?"

"నేదత్తా. నానెనకున్నాను," అన్నాను. మిల్లులో అబద్ధాలు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేనూ అంతే సులువుగా చెప్పేశాను.

కాంప్లెక్సులో పాతపట్నం బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆపాను. చివరికి ఆమె కాళ్ల వైపు చూస్తూ అన్నాను, "అత్తా, ఆ నీడ నాదే."

"తెలుసును," అంది.

"ఎలగ తెలుసు?"

"కన్ను పోనాది గానీ సెవి పోనాదేట్రా? ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచి ఇంటన్నాను నీ ఏడుపు. జరగం అని ఒక్క కేకేసినావు, నా గుండి జారిపోనాది."

"మరి టిఫినుబండి కాడ నా పరువు తీసీకుండా ఏల ఊరుకున్నావు?"

"నువ్వే సెప్తావేమో అని సూసినాను." సంచి ఒళ్లోకి లాక్కుంది. "నీడ కూడా నాను సూడనేదురా. పక్కనావిడ సెప్పినాది. నీ కేక ఇన్నాక నా సూపు సామి కాడ నేదు. ఎనక్కి తిరిగి జనంలో నిన్ను ఎతుకుతన్నాను. ఇంత బెజ్జంలోంచి ఎంతమంది మొకాలని సూడగల్ను? నిన్ను కొట్టీస్తన్నారేమో, ఈడ్చీస్తన్నారేమో అని."

ఆ కేక వేశాక నేను పక్కకి తప్పుకుని ఉన్నా ఆమె చూసేది కాదు. వెలుగు వచ్చిన ఆ రెండు మూడు నిమిషాలు ఆమె ఎటు చూడాలో కూడా నేనే నిర్ణయించేశాను. బస్సు వచ్చాక ఈసారి చెయ్యి పట్టుకోనిచ్చింది.

నా కోపం తప్పని ఇప్పటికీ అనను. మిల్లు గోడ దగ్గర అది నిజం. కానీ దాన్ని జేబులో వేసుకుని ఊరూరా తిరిగాను, ఎక్కడ ఎవరు జరగమన్నా యజమానే వస్తున్నాడనుకున్నాను. ఆ పెద్దాయన ఎన్ని ఏళ్లుగా ఆ పొద్దుల్లో జనాన్ని చీలుస్తూ తను మాత్రం వెలుగుకి వీపు పెట్టి నిలబడ్డాడో నాకు తెలీదు. అడగలేదు. పేరు చెప్పమని మాత్రం గద్దించాను.

మీరు వెళ్లేటప్పుడు మార్చి ఎంచుకోండి, అక్టోబరు కంటే ఆకాశం తేటగా ఉంటుంది. ఆ ఏడు ఏ రోజులో ముందే కనుక్కుని, నాలుగు లోపే వరసలో ఉండండి. మండపంలో మధ్య చోటు కోసం కొట్లాడకండి, ఎడమవైపు స్తంభం పక్కన కింద కూర్చుంటే పాదాలు తిన్నగా కనపడతాయి. దారి వదలమంటే ఎవరొస్తున్నారని అడిగే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి.