పొద్దుకు వీపు పెట్టిన సోలార్ ప్లేట్లు

ఏడేళ్లుగా అగ్గిపెట్టెంత వస్తువొకటి మోస్తున్నాను. తూకం వేస్తే చిటికెడు ఉప్పుకు సరిపోదు. అయినా మోస్తున్నాననే అంటాను. మీకు నవ్వొస్తే నవ్వండి. నేను నోరు తెరిస్తే నవ్వడం అందరికీ అలవాటే. ఈ కథలో చిక్కంతా ఆ అలవాటు దగ్గరే ఉంది.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. గోరంట్లలో బస్సెక్కి టికెట్టు అడిగితే, కండక్టరు చిల్లరకు ముందు జాలి ఇచ్చే ఊరు అనుకోండి, చాలు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అనంతపురంలో మాడళ్లు చేసే ఒక దుకాణంలో పని. ఇంజనీరింగు పిల్లలకు డ్యాములు, డాక్టర్లకు కట్టబోయే నర్సింగ్‌హోములు, కాంట్రాక్టర్లకు ఎప్పుడూ కట్టని కాలనీలు. థర్మకోలు, అట్ట, ఫెవికాలు. మా జిల్లాలో చెరువులు నిండుగా ఉండే చోటు మా దుకాణం ఒక్కటే. నీలం రంగు పూసి, పైన వార్నిష్ కొడితే ఏ వేసవిలోనూ ఎండేవి కావు.

నాకు బాగా చేతనైనది సోలార్ ప్లేట్లు. అందరూ నీలం కాగితం అతికించి గీతలు గీసేవాళ్లు. అది చూస్తే చొక్కా గుడ్డలా ఉండేది. నేను ఆస్పత్రి పాత సామాను కొనే అతని దగ్గర వాడేసిన ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చుకునేవాణ్ణి. ఫిల్ము అంచుల్లోని నలుపు పనికిరాదు, మరీ నలుపు. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులుండే చోట ఒక ముదురు నీలం ఉంటుంది. సరిగ్గా సోలార్ ప్లేటు రంగు. ఆ ముక్క కోసి, సూదిమొనతో గళ్లు గీసి, గీతల్లోకి వెండిపొడి రుద్ది, మిగిలింది గుడ్డతో తుడిస్తే సన్నటి తీగలు మెరిసేవి. చుట్టూ సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం ఫ్రేము. ఎవరి ఊపిరితిత్తులో, ఏ జబ్బో, నేనెప్పుడూ ఆలోచించలేదు. పక్కటెముక గీత కనబడకుండా కోయడం మాత్రం ఆలోచించేవాణ్ణి.

ఒకరోజు మా ఓనరు ఒక పని తెచ్చాడు. ఒక పల్లెలో తాగునీటి బోరుకు సోలార్ మోటారు పెట్టబోతున్నారట. పెద్ద ఆఫీసర్లకు చూపించడానికి మాడల్ కావాలి. ఊరి పేరు విని నేను చేతిలో బ్లేడు కింద పెట్టాను. అది మా ఊరే.

మా ఊరి బోరులో నీళ్లున్నాయి. కరెంటే లేదు. అంటే ఉంది, కానీ ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. పొద్దున రావచ్చు, మిట్టమధ్యాహ్నం రావచ్చు. వచ్చినప్పుడు కొళాయి దగ్గర మనిషి ఉంటే నీళ్లు, లేకపోతే లేవు. అందుకని ప్రతి ఇంటికీ ఒక కాపలా మనిషి. మా పక్కింటి హనుమక్కత్త, ఆమె కూతురు ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. కాపలా మనవరాలు రత్నది. ఆరో తరగతి. మొదట్లో పుస్తకం తెచ్చుకుని బిందెల వరస పక్కన కూర్చుని చదివేది. ఎండలు ముదిరాక ఆ పుస్తకం తలమీదికి వెళ్లింది, నీడకు. తర్వాత పుస్తకం లేదు. అప్పుడప్పుడైనా బడికి పోయేది కానీ, సోలార్ వస్తే పగలంతా పొద్దే మోటారు తిప్పుతుంది, పిల్ల రోజూ బడికి పోతుందని హనుమక్కత్త కనబడ్డవాళ్లందరికీ చెప్పేది. బిందె వేచివుండవచ్చు, చదువు వేచివుండదు అని ఆమె లెక్క.

కాబట్టి ఆ మాడల్‌ను ప్రేమగా చేశానని చెబితే నమ్మండి. ఇరవయ్యో వంతు కొలత. ట్యాంకు పగులు, పగులు కింద పాచి మరక, తూర్పు ముఖాన వంకరగా రాసిన ఊరి పేరు, పడమటి మెట్లలో విరిగిన మూడో మెట్టు, ఏదీ వదల్లేదు. పక్కన మోటారు గది. దాని మీద ఎనిమిది ప్లేట్లు, ఒక్కొక్కటీ అగ్గిపెట్టెంత, దక్షిణానికి వాలుగా.

ఓనరు చూసి మొహం చిట్లించాడు. "ఏమప్పా, పెద్దసార్లు నిలబడేది ఈ పక్కన. నీ ప్లేట్లు వాళ్లకు వీపు చూపిస్తాండాయి. మర్యాదేనా?"

ఆ పక్క ఉత్తరం. అతిథికి వీపు పెట్టకూడదనేది మా ఓనరుకు భగవద్వాక్యం. పొద్దు కూడా పెద్దసారేనని నేనన్నాను. ఆయన నవ్వాడు. నేను ప్లేట్లు ఊడదీసి ఉత్తరానికి తిప్పి అతికించాను. మా దుకాణంలో పొద్దుకు కుర్చీ వేసే ఆచారం లేదు.

ఇంతవరకూ నాది తప్పు కాదు. తొందరపడకండి, వస్తోంది.

రెండు వారాల తర్వాత మాడల్ వెనక్కి వచ్చింది. దాంతో పాటు ఆ సోలార్ పని పట్టిన కాంట్రాక్టరు వచ్చాడు. పని రెండు నెలల్లో చేస్తామన్నాడు. కానీ ఫైలు ఈ నెలలోనే మూసేయాలట, పని అయిపోయినట్టు ఒక ఫోటో కావాలట. ఓనరు నా వైపు చూశాడు. అక్కడ నేను ఏమనుకున్నాను? భయపడ్డానని రాయగలిగితే బాగుండేది. భయం కాదు. నా బొమ్మను బొమ్మ కాదని ఎవరైనా నమ్ముతారా అన్న ఒక చెడ్డ ఉత్సాహం. రెండు నెలల్లో చేస్తారన్న మాట నమ్మానా? నమ్మడం నాకు సౌకర్యంగా ఉండింది, అంతే.

మాడల్‌ను దుకాణం మిద్దె మీదికి మోశాను. ముందు ఎర్రమట్టి జల్లెడ పట్టి పోశాను, ఇసుక రేణువులు మరీ బండరాళ్లలా కనబడకుండా. బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి, వెనక ఆకాశం తప్ప ఏదీ రాకుండా కెమెరా నొక్కాను. ప్రింటు చూసి కాంట్రాక్టరు, "ఈడికి నేనెప్పుడు పోయినా?" అన్నాడు. నా పనికి దక్కిన పెద్ద మెప్పు అదే. ఆ వారమంతా నేలకు రెండంగుళాల ఎత్తున నడిచాను.

పది నెలలు గడిచాయి. మోటారు గది మీద కాకులు తప్ప ఏదీ వాలలేదు. అప్పటికి నాకు సంగతి తెలిసిపోయింది. ఇక తెలియదని అనలేను. ఊరికి పోవడం తగ్గించాను. ఒక ఆదివారం తప్పక పోతే, టీ అంగడి దగ్గర హనుమక్కత్త ఎదురొచ్చింది. చేతిలో మడతలు పడ్డ జిరాక్సు కాగితం. చుట్టూ పదిమంది.

"ఏమప్పా, నువ్వు టౌన్లో ఇట్లాటియే చేస్తావంట కదా. చూడు ఇది."

"ఏమత్తా ఇది?"

"మండలాఫీసులో ఇచ్చినారు. మనూర్లో సోలారు పెట్టేసినారంట. ఫైలు ముగిసిపాయనంట. మీ ఊర్లోనే ఉండాది, పోయి చూసుకోపో అంటాడు ఆ గుమాస్తా. నేను దినామూ ఆ ట్యాంకు కిందనే కదరా తిరిగేది. యాడుండాదప్పా?"

జిరాక్సులో నా ప్లేట్లు నల్లటి మచ్చలు. ట్యాంకు మాత్రం స్పష్టంగా ఉంది. ఆమె వేలు పెట్టి చూపించింది.

"ట్యాంకు మనదే. పగులూ మనదే, పాచీ మనదే. పేరు రాసిండేది తూరుపు పక్క, మెట్లుండేది పడమర. ఔనా? అట్లయితే ఈ అద్దాలు ఉత్తరానికి మొగం పెట్టినాయి. పొద్దు తిరిగేది దక్షిణం పక్క కదా. పొద్దుతో పనిచేసేటివి పొద్దుకు వీపు పెట్టి ఏం చేస్తాయిరా? నాకు తెలీక అడుగుతాండా."

సంతకం తప్ప చదువు లేని మనిషి. ఇంజనీర్లు సంతకాలు పెట్టిన ఫోటోలో ఒక్క వేలితో అబద్ధం పట్టుకుంది. ఇంకొక్క అడుగు, అంతే. అది బొమ్మ అని ఆమె నోట రావడానికి ఇంకొక్క ప్రశ్న మిగిలి ఉంది. ఆ ప్రశ్న నన్నే అడగబోతోంది. పదిమందీ నన్నే చూస్తున్నారు, ఎప్పటిలాగే నోట్లోంచి ఏదో రాలుతుందని ఆశగా.

రాలింది.

"వచ్చినాయత్తా! నువ్వు కూలికి పోయినప్పుడు వచ్చినాయి. పెండ్లిచూపులకొచ్చినట్ల కూచున్నాయి, ఫోటో దిగినాయి, పోయి కబురు చేస్తామని పోయినాయి. పిల్లోనికి సిగ్గెక్కువంట, అందుకే మొగం అట్ల తిప్పుకున్న్యాడు."

టీ అంగడి పగలబడి నవ్వింది. ఒకతనికి టీ ముక్కులోకి పోయింది. హనుమక్కత్త కూడా నవ్వింది. "నీ నోట్లో మన్నుబొయ్య" అని నా వీపు మీద ఒకటి వేసి, ఆ కాగితం మళ్లీ మడిచి వక్కాకు సంచిలో పెట్టుకుంది. ఆ దెబ్బ ముద్దుగా వేసిందే. నొప్పి మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. డాక్టరుకు చూపించుకోలేని చోట తగిలింది.

ఆ సోమవారం ఆమె అనంతపురం పోయి పెద్దాఫీసులో అర్జీ ఇద్దామనుకుందట. నాకు తర్వాత తెలిసింది. మోటారు గది మీద ఏమీ లేదని చెప్పడానికి సాక్షిగా నలుగురిని రమ్మని అడిగింది. నలుగురూ, "ఏమి హనుమక్కా, పిల్లోని తరపోళ్లు కబురంపినారా?" అన్నారు. కొళాయి దగ్గర అదే మాట. కూలి కాడ అదే మాట. బడి పిల్లలు కూడా నేర్చుకున్నారు. ఆమె కోపగించుకుని ఉంటే వాళ్లు ఆపేవాళ్లేమో. ఆమె నవ్వింది, నవ్వింది, తర్వాత ఆ కాగితం గురించి మాట్లాడటం మానేసింది. నిజం అడిగే మనిషిని తిడితే మళ్లీ అడుగుతుంది. నవ్విస్తే అడగదు. ఇది నాకు ఆ క్షణంలో తెలుసా? తెలుసని ఇప్పుడు అనుకుంటున్నాను. లేకపోతే అంత మంచి జోకు అంత తొందరగా ఎలా వచ్చింది?

రత్న ఏడో తరగతి పరీక్షలు రాయలేదు. మళ్లీ బడికి పోలేదు.

చెప్పాలని చూడలేదా అంటారు. రెండుసార్లు చూశాను. ఒకసారి మా చిన్నాయన కొడుకుతో అన్నాను, ఆ ఫోటో నేనే తీసినా అని. వాడు తొడ కొట్టుకుని నవ్వి, "ఇది ఇంకా బాగుండాది రా, దీన్ని అంగట్లో చెప్పు" అన్నాడు. ఇంకోసారి హనుమక్కత్త ఇంటి గడప దాకా పోయాను. నన్ను చూడగానే ఆమె మొహం విచ్చుకుంది. "రారా, ఏదన్నా ఒకటి చెప్పి పో, ఇంట్లో నవ్వి శానా దినాలాయ" అంది. చెప్పాను. ఏదో ఒకటి. నా ఇంటికి నేనే తలుపులు చేయించుకున్నాను, అన్నీ బయటి నుంచి గడియ పడేవే.

దుకాణం మానేసి ఇప్పుడు వేరే పని చేస్తున్నాను. మొన్న సోమందేపల్లె దగ్గర బస్సులో ఎవరో "మామా!" అని పిలిచారు. రత్న. హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుడుతుందట. పక్కనున్న అమ్మాయికి నన్ను చూపించి, మా ఊర్లో నవ్వించే మామ ఈయనేనని చెప్పింది. ఆ పెండ్లిచూపుల కథ మొత్తం ఆమే చెప్పింది, ఒక్క ముక్క వదలకుండా, నాకంటే బాగా. టికెట్టు మీద ఊరి పేరు చదవమని ఆ అమ్మాయికిచ్చింది. తనకు చూపు ఆనదట. ఆనదేమో. నేను అడగలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి పనిముట్ల పెట్టె తీశాను. ఆ మాడల్‌కు తొమ్మిది ప్లేట్లు చేశాను, ఒకటి ఎక్కువ. అది ఇంకా ఉంది. కిటికీలో దక్షిణానికి పెట్టాను. ఏం ప్రయోజనం? దానితో ఒక చీమకు కూడా దప్పిక తీరదు. కానీ వెలుతురు వెనక నుంచి పడగానే వెండి గళ్ల మధ్య సన్నగా ఒక పక్కటెముక కనబడింది. అంత జాగ్రత్తగా కోసినా ఒకటి మిగిలింది.

ఎక్స్‌రే తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమంటారు కదా. ఎవరో పాపం, దగ్గు ఆపుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డప్పటి బొమ్మ అది. ఫిల్ములో ఆ మనిషి ఇంకా వదల్లేదు. తర్వాత గది లోపల్నుంచి ఒక గొంతు, ఇంక వదలండి అని చెబుతుంది. నాకా మాట ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి సంగతి తెలియదు. తెలిస్తే చెబుతుందని కూడా అనుకోను.

ఆ ఫోటో నేనే తీశాను, హనుమక్కత్తా. అవి నా చేతి బొమ్మలు. వాటిని పొద్దుకు వీపు పెట్టింది నేనే. నువ్వు సరిగ్గానే చూశావు.

ఇందులో జోకు లేదు. వెతక్కండి. ఎవరూ చెప్పకుండానే వదిలాను, అంతే.