కుడిచేతికి, లోపలివైపు

ఈ సాయంత్రం ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న పెద్దాయన టైమెంతని అడిగాడు. కుడి అరచేయి పైకి తిప్పి చూశాను. నేను వాచీ కుడిచేతికే, డయలు లోపలివైపుకి వచ్చేలా కట్టుకుంటాను.

ఆయన టైము సంగతి మరిచిపోయి, "మీ ఇంట్లో మగ్గముండెనా అప్పా?" అన్నాడు.

"మా చిన్నాయనకుండె. నీకెట్ల తెలిసెనన్నా?"

ఆయన నవ్వి చొక్కా చేయి పైకి లాగాడు. ఆయనదీ కుడిచేయే, లోపలివైపే! "మా నాయన ఇట్లే కట్టుకుంటాండె. ఇది ఆయప్పదే. నిలిచిపోయి శానా దినాలాయ, తీసేకి మనసు రాల్యా."

ఎనభైల్లో మా చిన్నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. తాడు లాగే కుడిచేయి ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి, వాచీ లోపలికి ఉంటే నేత ఆపకుండానే టైము కనిపించేది. నాకు మొదటి వాచీ ఇచ్చింది ఆయనే. దాన్ని నా చెవి దగ్గర పెట్టి, "సమంగా కొట్టుకుంటాందా, ఇను" అని నేర్పింది ఆదోనిలో వాచీలు బాగుచేసే ఖాదర్ భాయ్. ఈ రోజు మా బీరువాలో ఒక అర నిండా పాత వాచీలున్నాయంటే, మా ఆవిడ తిట్టాల్సింది ఆ ఇద్దరినీ. నేను మొక్కాల్సిందీ వాళ్లకే.

ఈ కబుర్లలో మా ఇద్దరి బస్సూ వెళ్లిపోయింది. బస్టాండులోనే కూర్చుని ఇది రాస్తున్నాను. మీరు వాచీ ఎలా కట్టుకుంటారు, ఎవరిని చూసి? చెప్పండి. తర్వాతి బస్సు ఎన్నింటికని మాత్రం మమ్మల్ని అడక్కండి.