చేపలక్క నోట సొరచేప మహిమ

చేపలక్క కత్తిపీట ముందు కూర్చుంటే కాకులు కూడా వరసలో నిలబడేవి. పదిహేనేళ్ళుగా అదే బజారు, అదే సిమెంటు దిమ్మె. ఆవిడ నోరు కత్తికన్నా పదును. బుట్టలో ఏది మిగిలితే అదే ఆ రోజుకి దివ్యౌషధం. నెత్తళ్ళలాంటి చిన్న చేపలు మిగిలితే కళ్ళకు మంచివి. సొర మిగిలితే కడుపుతో ఉన్నవాళ్ళు తిని తీరాల్సిందే.

అలాంటి చేపలక్కకే పెళ్ళైన తొమ్మిదేళ్ళకు నెల తప్పింది. అంతే, లోకంలో అందరూ వైద్యులైపోయారు. చేప వాసన కూడా తగలకూడదంది అత్త. మూడు పూటలా తినమన్నాడు మొగుడు. ఎదురు కొట్టు టైలరమ్మైతే సూది నోట్లోంచి తీసి మరీ చెప్పింది.

"సొర తిను వదినా, బిడ్డ ఎముకలు ఇనుపకడ్డీలే!"

"నీకెవరు చెప్పారే?"

"భలేదానివే! నా పెద్దది కడుపులో ఉన్నప్పుడు నువ్వే కదా వారం వారం అంటగట్టావు!"

చేపలక్క తల గోక్కుంది. అది తను అల్లిన మాటేనా? తనకూ ఎవరైనా చెప్పారా? ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. పైగా నిన్ననే రెండు ముక్కలు తినేసింది! పరుగున ఆసుపత్రికి వెళ్ళి నర్సమ్మ ముందు కూలబడింది.

"పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ. సొర అసలే వద్దు, బిడ్డ మెదడుకు మంచిది కాదు," అంది నర్సమ్మ. "చిన్న చేపలు, రొయ్యలు తాజావి తీసుకుని బాగా ఉడికించి, వారానికి రెండు మూడుసార్లు తిను. పచ్చివి, సగం ఉడికినవి ముట్టుకోకు."

"మరి నిన్న తిన్నది?"

"ఒక్కసారికే కొంప మునగదులే. అవునూ, చేపలమ్మేదానివి, నీకు తెలీదూ?"

చేపలక్క కొంగు దులుపుకుని లేచింది.

తిరిగొచ్చేసరికి దిమ్మె ముందు నిండు చూలాలొకతె నిలబడి ఉంది.

"అక్కా, సొర ముక్కలు కొట్టు. మాలాంటివాళ్ళకు మంచిదన్నావుగా?"

"వద్దమ్మా, వద్దు! నెత్తళ్ళు తీసుకో. నేనూ ఇక అవే తింటా."

ఆ పిల్ల బుట్టలోకి తొంగిచూసి నవ్వింది. "ఓహో, ఇవాళ నెత్తళ్ళు మిగిలిపోయాయా?"

"నా కడుపులో బిడ్డ మీద ఒట్టు!" అంటూ చేపలక్క గబుక్కున సొరను గోనెపట్టా కింద దాచేసింది.

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. "ఎవరికోసం దాస్తున్నావు? నాకంటే ఎక్కువిస్తానన్నారా?"