అవ్వ పేరు మీద నేను రాసిన జవాబు

మా ఊరి మందిరానికి కొత్త పాస్టరు అయ్యగారు కోస్తా నుంచి వచ్చారు. వస్తూ వస్తూ ఒక పెట్టె నిండా పుస్తకాలు తెచ్చారు. అందులో ఉన్న పన్నెండు పాఠాలు పూర్తిచేస్తే మేమంతా శిష్యులమైపోతామట. ప్రభువు వెంట మూడేళ్లు తిరిగినవాళ్లకే సగం సంగతులు అర్థం కాలేదని ఆయనే ప్రసంగాల్లో చెప్పేవారు. మాకు మాత్రం పన్నెండు మంగళవారాలు చాలన్నారు. పాసైన వాళ్లకు లక్సెట్టిపేట దగ్గర గోదావరిలో బాప్తిస్మం.

మా అవ్వకు ఆ బాప్తిస్మం కావాలి. మా వైపు అవ్వంటే అమ్మ, బాపు అంటే నాన్న. బాపు చనిపోయినప్పటి నుంచి ఆమె మందిరానికి వెళ్తోంది గానీ, బాప్తిస్మం లేనివాళ్లను ప్రభువు బల్లలో చెయ్యి పెట్టనివ్వరు. రొట్టె పళ్లెం తన దాకా వస్తే పక్కావిడకు అందించి తలవంచుకునేది. ఒక్కసారి తానూ ఆ రొట్టె తీసుకోవాలన్నదే ఆమె కోరిక.

మందిరంలో ఆడవాళ్లలో ముప్పావు వంతు బీడీలు చుట్టేవాళ్లే. ప్రార్థన కూటానికి కూడా చాటలతోనే వచ్చేవాళ్లు. కళ్లు మూసుకున్నా వేళ్లు మాత్రం ఆగేవి కావు. అవ్వా అంతే. ఆమెకు చదువు రాదు కాబట్టి పాఠాల్లో ఖాళీలు నేను పూరించేదాన్ని, ఇంటర్ చదివే మహా పండితురాలిని.

“నీ శ్రమల వెనుక దేవుని ఉద్దేశం ఏమిటి?” అని ఒక ప్రశ్న. జవాబుకు మూడు వరుసల చుక్కలు. అవ్వ బీడీలకు తునికాకు కత్తిరిస్తూనే, “పిల్లకు ఇంత అన్నం వెట్టుడు. గదే రాయి” అంది. రాశాను. అయ్యగారు ఎర్ర సిరాతో కొట్టేసి “లోక సంబంధం” అని పక్కన రాశారు. ఆయన మా ఊళ్లో పడిన శ్రమల్లా కరెంటు పోయినప్పుడు మైకు లేకుండా ప్రసంగించడమే.

ఆ ఎర్ర గీత చూసి నాకు రోషం వచ్చింది. అవ్వ కోసం కాదు, నా మార్కు పోయిందని. తొమ్మిదో పాఠంలో “ప్రభువు కోసం ఏమి విడిచిపెడతావు?” అని అడిగారు.

“ఇడిసిపెట్టెతందుకు నా తాన ఏమున్నది బిడ్డా? ఖాళీ వెట్టు” అంది అవ్వ.

ఖాళీ పెడితే సున్నా. అయ్యగారికి ఏ జవాబు నచ్చుతుందో నాకు తెలుసు. కాలేజీ బస్సులో నా చున్నీకి తంబాకు వాసన వస్తోందని పక్క పిల్ల ముక్కు మూసుకోవడమూ గుర్తుంది. “బీడీలు చుట్టడం విడిచిపెడతాను” అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, అవ్వకు చెప్పకుండా పుస్తకం ఇచ్చేశాను.

ఆదివారం అయ్యగారు ఆ జవాబును మైకులో చదివారు. “చూశారా, ఒక విధవరాలి విశ్వాసం! పొగాకు పాపం కాదా? మీరెప్పుడు విడిచిపెడతారు?” అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మా ఎదురింటి చిన్నమ్మ. అవ్వ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆమె లేచి నిలబడి, “ఔ, ఇడిసిపెడుత” అంది.

సోమవారం పొద్దున ఆమెన్ అన్నవాళ్లంతా ఎప్పటిలాగే ఆకు తెచ్చుకుని చాటల ముందు కూర్చున్నారు. మా అవ్వ ఒక్కతే బీడీ కార్ఖానాకు పోయి, పనికీ రేపటి పింఛనుకూ ఆధారమైన తన కార్డు ఇచ్చేసి, అటునుంచి అటే అయ్యగారింటికి పోయింది.

“ఇడిసిపెట్టిన అయ్యగారూ. ఇగ ఏం జెయ్యమంటరు?”

అయ్యగారు పళ్లు తోముకుంటున్నారు. ఆయన మాట ఎవరైనా వినడం బహుశా అదే మొదటిసారి. నోట్లో నురగతోనే, “ప్రార్థన చేద్దామమ్మా” అన్నారు.

చేశారు. మర్నాడు అవ్వ మళ్లీ వెళ్లి అడిగింది. ఆ మర్నాడూ వెళ్లింది. విడిచిపెట్టమన్న మనిషే దారి చూపిస్తాడని ఆమె నమ్మకం. ఆయన పెరటి దర్వాజలోంచి బండి తీసుకుని వెళ్లడం అలవాటు చేసుకున్నారు. నాలుగో రోజు ఆయన భార్య, “ఊరికే కూర్చునే బదులు ఆ గిన్నెలు తోమరాదూ, సేవ చేసినట్టుంటుంది” అన్నారు. అలా మా అవ్వ శ్రమలకు ఉద్దేశం దొరికింది, అయ్యగారి కుక్కర్ మాడు వదిలించడం.

నెలన్నర అలాగే గడిచింది. మా ఇంట్లో పప్పు పలచబడి, తర్వాత అసలు లేకుండా పోయింది. రెండు పూటలా గొడ్డుకారం మెతుకులే. నాకు ఏడుపొచ్చేది గానీ నిజం చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

చివరికి ఊళ్లోవాళ్లు నవ్వడం మొదలుపెట్టాక అయ్యగారికి దేవుడు కొత్త సంగతి బయలుపరిచాడు. మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని, “ఒక అపొస్తలుడు కూడా డేరాలు కుట్టుకుని బతికాడమ్మా. పాపం తాగేవాడిది, చుట్టేవాళ్లది కాదు. మీరు మళ్లీ చుట్టుకోండి” అన్నారు.

“మొన్నటి పాపం ఇయ్యాల ఏడికి వోయింది అయ్యగారూ?”

అవ్వ వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. ఆయన బాప్తిస్మం రోజు ఎప్పుడో చెప్పి లేచిపోయారు.

అవ్వ గోదావరిలో మునిగింది, రొట్టె తీసుకుంది. కార్డు మాత్రం తిరిగి రాలేదు. ఆమె స్థానంలో కార్ఖానా సేటు అప్పటికే ఎదురింటి చిన్నమ్మ కోడలిని చేర్చుకున్నాడు. అవ్వ ఆ కోడలి కార్డు మీదే చుట్టింది, ఇప్పటికీ చుడుతోంది. రేపు పింఛను వచ్చినా ఆ కోడలికే.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది ధైర్యం చేసి అడిగాను. “గానాడు మైకుల చదివినప్పుడు గది నీ మాట గాదని ఎందుకు చెప్పలే అవ్వా?”

“గంతమందిల నా బిడ్డ అబద్దం రాసిందని ఎట్ల జెప్పుదు?” అంది. ఇంకో ఆకు అందుకుని మళ్లీ అంది. “గిన్నెలు తోముకుంట నెలన్నర దేవున్ని గొక్కటే అడిగిన. పిల్ల మీద కోపం వెట్టుకోకు దేవా అని.”

నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.