నలభై మూడా, నలభై అయిదా

కోవిడ్ ఆంక్షలు సడలిన తర్వాతి శీతాకాలంలో నన్ను అమెరికాలో, రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లోని ఒక మందుల కంపెనీలో, పరీక్షల విభాగానికి ప్రిన్సిపల్ సైంటిస్ట్‌గా వేశారు. క్యారీ అనే ఊళ్లో మా ఇంటి నుంచి కార్‌లో ఎంతో దూరం కాదు. తయారైన ప్రతి బ్యాచ్ ప్రొటీన్ మందునూ పరీక్షించి, రోగుల దగ్గరికి పంపవచ్చో లేదో తేల్చి సంతకం పెట్టడం నా పని. నాకు మొదటినుంచీ కంగారు ఎక్కువ. పప్పు పొంగినా నేను విచారణ జరిపిస్తానని మా ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఆ గుణం ఉద్యోగానికి పనికొచ్చింది, నిద్రకే పనికిరాలేదు.

ఆ జనవరిలో మా దగ్గరికి వచ్చిన బ్యాచ్, కొత్త మందును రోగులకు ఇచ్చి చూసే ఒక క్లినికల్ ట్రయల్‌కు వెళ్లాలి. అందులో చేరినవాళ్లు నిబంధన ప్రకారం అప్పటికే పాత మందు మానేశారు. కొత్తది అందేదాకా వాళ్లకు ఏ మందూ లేదు. నేను క్యాలెండర్ చూసి రోజులు లెక్కపెట్టేదాన్ని.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలు గుచ్చిన పొడవాటి దండ. దాన్ని ఎంజైముతో ముక్కలు చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో ఒక్కో ముక్క బరువు చూస్తాం. ఈసారి ఒక ముక్క పక్కనే, దానికంటే నలభై మూడు యూనిట్లు బరువైనది ఇంకొకటి కనబడింది. నలభై మూడు అనగానే మా వృత్తిలో వాళ్లకు యూరియా గుర్తొస్తుంది. పొలాల్లో చల్లే యూరియానే. నీళ్లలో కలిపి నిలవ ఉంచినా, వేడి చేసినా అందులో కొంత సయనేట్‌గా మారుతుంది. అది పోయి లైసిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. మా మందు శరీరంలో తన చోటును పట్టుకునేది ఆ లైసిన్‌తోనే. అక్కడ ఏదైనా అతుక్కుంటే ఇక పట్టు ఉండదు.

చిక్కు ఎక్కడంటే, యూరియా రెండు చోట్ల వాడతాం. ఫ్యాక్టరీలో ప్రొటీన్ తయారుచేసేటప్పుడు ఒకసారి, ల్యాబ్‌లో ముక్కలు చేసేముందు దాని మడతలు విప్పేటప్పుడు మరోసారి. మార్పు ల్యాబ్‌లో జరిగి ఉంటే మందు మంచిదే. ఫ్యాక్టరీలో జరిగి ఉంటే సీసాలో ఉన్నదే పాడైపోయిన మందు.

శాంపిల్ తయారుచేసింది శ్రీకాంత్. వరంగల్ అబ్బాయి, నా కింద అసోసియేట్ సైంటిస్ట్. పని శుభ్రంగా చేస్తాడు. అడగ్గానే దాచకుండా చెప్పేశాడు. యూరియా కరిగేటప్పుడు బీకరు చల్లబడిపోతుంది, కరగడం ఆలస్యమవుతుంది. తొందరలో ఉండి దాన్ని కాసేపు హాట్ ప్లేట్ మీద పెట్టాడు. పెట్టకూడదని అతనికీ తెలుసు.

ఆ మాట విన్నాక మీటింగ్‌లో అందరి ముఖాలూ తేటపడ్డాయి. తాజా యూరియాతో, వేడి చేయకుండా మళ్లీ చేయించాం. బరువైన ముక్క కాస్త తగ్గింది గానీ పోలేదు. తాజా యూరియాలోనూ కొంత సయనేట్ ఉంటుందిలే అన్నారు. అదీ నిజమే. మా డైరెక్టర్ కరెన్, ల్యాబ్ పొరపాటు అని రాసి, శ్రీకాంత్‌కు మళ్లీ ట్రైనింగ్ ఇచ్చి, బ్యాచ్‌ను విడుదల చేద్దామంది. నాకు పెన్ను తీయబుద్ధి కాలేదు. గుర్తు వేసిన యూరియా తెప్పించమన్నాను. అందులో కార్బన్, నైట్రోజన్ మామూలు వాటికంటే ఒక్కో యూనిట్ బరువెక్కువ. ల్యాబ్‌లో అది అతుక్కుంటే నలభై అయిదు పెరుగుతుంది. ఫ్యాక్టరీలో ముందే అతుక్కున్నది నలభై మూడు దగ్గరే ఉండిపోతుంది.

అవతల రోగులు ఎదురుచూస్తున్నారని తెలుసా అని కరెన్ అడిగింది. తెలుసన్నాను. ఊరికే ఆలస్యం చేసినదాన్ని అవుతానేమోనన్న భయం ఒకవైపు, పాడైన మందు పంపినదాన్ని అవుతానేమోనన్న భయం మరోవైపు.

దానికితోడు ఆ యూరియా రావాల్సిన రోజే మంచువాన పడింది. మా వైపు రోడ్డు మీద కాస్త ఐస్ పేరుకుంటే ఊరంతా ఆగిపోతుంది. పార్సిల్ ఎక్కడో డిపోలో చిక్కుకుంది. ఫోన్‌లో ట్రాకింగ్ చూస్తూ కూర్చున్న నా దగ్గరికి శ్రీకాంత్ వచ్చి అన్నాడు.

“మేడం, వేడి చేసింది నేనే కదా. నా తప్పేనని రాసెయ్యండి. వాళ్లకు మందు లేటవుతుంది.”

“నువ్వు వేడి చేసిన మాట నిజమే శ్రీకాంత్. సీసాలో ఏముందో దాన్నిబట్టి ఎలా తెలుస్తుంది?”

మంచు కరిగాక పార్సిల్ వచ్చింది. ఆ పరీక్ష కూడా అతనితోనే చేయించాను. ఈసారి చల్లబడ్డ బీకరును గ్లవుజులు వేసుకున్న రెండు చేతుల మధ్య పట్టుకుని, ఓపిగ్గా కలుపుతూ కూర్చున్నాడు. తర్వాత ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. నలభై అయిదు దగ్గర ఏదో చిన్న మెట్టు లాంటిది లేచింది. నలభై మూడు దగ్గర మాత్రం పెద్ద శిఖరం నిలబడి ఉంది. మందు సీసాలోకి వెళ్లకముందే పాడైంది. ఫ్యాక్టరీలో పంపు రిపేరు జరుగుతున్నంతసేపూ యూరియా ద్రావణం ప్రొటీన్‌తో కలిసి ట్యాంకులో నిలవ ఉండిపోయిందని తర్వాత తేలింది.

తప్పు తనది కాదని తేలినందుకు శ్రీకాంత్ తేలికపడతాడనుకున్నాను. అతను తెర మీంచి కళ్లు తిప్పలేదు.

“నాది కాకుంటే బాగుండు అని రెండు రోజులు మొక్కుకున్న మేడం. ఇప్పుడు నాదే అయినా బాగుండు అనిపిస్తుంది.”

నాకూ అదే అనిపించింది. బ్యాచ్ తిరస్కరిస్తూ సంతకం పెట్టాను. ట్రయల్ వాయిదా పడింది, రోగులను మళ్లీ పాత మందు మీద పెట్టారు. మధ్యలో మందు లేకుండా గడిపిన రోజులు వాళ్లకు ఎలా గడిచాయో మాకు తెలియదు. ట్రయల్‌లో ఎవరెవరున్నారో మాలాంటివాళ్లకు చెప్పరు.

ఒక మనిషి నిజంగానే పొరపాటు చేసి, నిజాయితీగా ఒప్పుకున్నంత మాత్రాన, జరిగినదంతా దానివల్లే జరిగిందని తేలినట్టు కాదు. రిటైరయ్యేదాకా నా దగ్గర చేరిన ప్రతివాళ్లకూ ఈ సంగతి చెప్పాను. తప్పు ఎవరిదో తెలియగానే గదిలో అందరికీ ప్రాణం కుదుటపడితే, పరీక్ష ఇంకోసారి చేయండి అని.